దస్తీ లోకలా, నాన్ లోకలా?

ఒక్క ఇంగ్లిషు మాటను నేను తెలుగులోకి దించిన పాపానికి ఒక తహసీలు కచేరీ, ఒక బడి, ఒక మీసేవ కంప్యూటరు, నడిసముద్రంలో పోవలసిన ఒక ఓడ అన్నీ ఏకకాలంలో అల్లాడిపోయిన కథ ఇది. భూకంపాలకు కేంద్రం భూమి అడుగున ఎక్కడో ఉంటుందంటారు. దీనికి మాత్రం కేంద్రం నా ముక్కు కింద, గడ్డానికి పైన ఉంది. చాయ్ తాగుతూ చదువుతున్నవాళ్ళు గ్లాసు పక్కన పెట్టడం మంచిది. పొలమారితే నా పూచీ లేదు.

తెలంగాణ వచ్చిన కొత్త. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్సు లెక్చరర్ని. మా సిలబస్‌లో ‘అంతర్జాతీయ వాణిజ్యం’ అని ఒక పాఠం ఉండేది. దాన్ని నేను గైడు చూసి చెప్పేవాణ్ణి. ఆ గైడు రాసినాయన ఇంకో గైడు చూసి రాశాడని నా అనుమానం. అయినా ఆ రెండు మాటలూ బోర్డు మీద రాసి పిల్లల వైపు తిరిగేసరికి నా ఒంట్లో ఒక రాయబారి పూనేవాడు. సుంకాలూ, కోటాలూ, ఒప్పందాలూ నేను సంతకం పెడితే తప్ప కదలవన్నట్టు చేతులు ఊపేవాణ్ణి. అప్పటికి నేను సముద్రం చూడలేదు. నాగార్జునసాగర్ కట్ట మీద నిలబడి, ఇక్కడికి ఓడలు వస్తే ఎంత బాగుండునో అని ఒకసారి అనుకున్న అనుభవం మాత్రం ఉంది.

ఈ సంగతి మా మామకు తెలిసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మా అమ్మ తమ్ముడు యాదగిరి మామ మా ఊళ్ళో చేనేత సంఘానికి అధ్యక్షుడు. వయసులో ఉన్నప్పుడు బతుకుతెరువుకు సోలాపూర్ పోయి, అక్కడి మిల్లులో చెవులు సగం పోగొట్టుకుని, మిగతా సగంతో ఊరికి తిరిగొచ్చి మళ్ళీ మగ్గం వేశాడు. సగం చెవుల మనిషి కాబట్టి నేను చెప్పిందాంట్లో సగమే వినేవాడు. ఆ సగం కూడా నమ్మడమే ఆయన చేసిన తప్పు.

ఆ ఏడాది సంఘానికి జన్మలో మొదటిసారి విదేశీ ఆర్డరు వచ్చింది. పట్టు స్కార్ఫులు కావాలన్నారు. మా ఊళ్ళో వాటిని దస్తీలనే అన్నారు, ఎందుకంటే మెడకు చుట్టుకున్నా మూతి తుడుచుకున్నా మా ఊళ్ళో దస్తీ దస్తీయే. కొనే దేశం పేరు చెప్పను. వాళ్ళు ఇప్పటికీ మా దస్తీలు కట్టుకుంటున్నారు; నా మూలంగా మానేయడం ఎందుకు. నడుమ ఏజెంటు రాధిక అనే ఆమె. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ మనిషి. మాట మెత్తన, గడువు గట్టి.

ఈ ఆర్డరు మీద ఒక మనిషి బతుకు వేలాడుతోంది. మామ కొడుకు శ్రీశైలం. నాకు బావమరిది వరస. వాడు నన్ను బావా అంటాడు, అనకూడనివి కూడా అంటాడు. దారానికి చిటికి కట్టి, రంగులో ముంచి, నేతలో పువ్వు పూయించడంలో వాడి చేయి దాటిన చేయి మా ఊళ్ళో లేదు. అలాంటివాడు విసిగిపోయి హైదరాబాదులో ఒక చీరెల దుకాణంలో మడతలు విప్పి చూపించే కొలువు చూసుకున్నాడు. మామ బతిమాలితే ఒక మాట మీద ఆగాడు.

“గీ దస్తీలు ఓడెక్కినయనుకో, నేను మగ్గం దిగ. ఎక్కలేదనుకో, నన్ను ఆపొద్దు నాయినా,” అన్నాడు.

వాడు పోతే మామ ఇంట్లో మగ్గం ఉంటుంది గానీ దానికి చిటికి కట్టే చేయి ఉండదు. మామ చూపు అప్పటికే మసక. సంగతి అదీ.

ఆదివారం సంఘం గోదాంలో నన్ను కూర్చోబెట్టారు. కాపులు పురాణం చెప్పే అయ్యగారిని కూర్చోబెట్టినట్టు కింద జంపఖానా, ముందర మంచినీళ్ళ చెంబు.

“అల్లుడా, ఆ మేడం ఫోన్ల ఎఫ్‌ఓబీ ఎఫ్‌ఓబీ అని ఊకె అంటాంది. మనల తిడుతాందా ఏంది?” అన్నాడు మామ.

“తిట్టు గాదు మామా. సరుకు ఓడెక్కేదాక మన జిమ్మెదారి, ఎక్కినంక ఆళ్ళది. పిల్లను సాగదోలినట్టన్నట్టు. కారెక్కేదాకనే నీ బాధ. ఎక్కినంక టైరు పంచరైతే పెండ్లికొడుకోళ్ళే సూసుకోవాలె.”

పక్కనే ఆసు మీద దారం పోస్తున్న మామ భార్య సత్తెమ్మ అత్త చేయి ఆపకుండానే అంది: “గట్ల ఏడుంటదిరా. మా పిల్లను సాగదోలి పదేండ్లాయె. ఇప్పటికి పంచర్లు మేమే ఏపిస్తున్నం.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రాయబారులు నవ్వరు.

“మరి ఒక్క దేశానికి సుంకం తగ్గిస్తే అన్ని దేశాలకు తగ్గియ్యాలెనట గద, పేపర్ల వడ్డది,” అన్నాడు శ్రీశైలం, నన్ను ఇరికిద్దామని.

“అవ్. పెద్ద బావకు కల్లు పోస్తే చిన్న బావకు గూడ పోయాలె. ఒక్కనికి లోటా, ఒక్కనికి చెంబు అంటే సంఘంల నడవది.”

“మరి గీ దేశానికి మనకు ఒప్పందం ఉన్నది, మన బట్టకు సుంకం లేదు అంటాంది మేడం. మిగిలిన బావలు ఊకుంటరా?”

నిజం చెప్పాలంటే ఈ ప్రశ్నకు నా దగ్గరున్న గైడు కూడా జవాబు ఇవ్వదనుకున్నాను. కానీ పూనకం పూనకమే. “ఇద్దరు వియ్యంకులు ఒకలింట్ల ఒకలు తినుడు పెట్టుకున్నరనుకో, మూడోటోడు విస్తరి పట్టుకోని రావద్దు. దానికి రూల్సులనే సందు పెట్టిండ్రు,” అన్నాను. తర్వాత వాకబు చేస్తే అది నిజమేనట. నా జీవితంలో నేను గుడ్డిగా విసిరితే తగిలిన రాళ్ళు తక్కువ. అందులో ఇదొకటి.

“డంపింగు అంటే?” అని ఎవరో వెనక నుంచి.

“ఆళ్ళ దేశంల అమ్ముకునే ధర కన్న తక్కువకు తెచ్చి మన దేశంల కుమ్మరిచ్చుడు.”

“మా ఆడిబిడ్డ దసరకు పాత చీరెలు తెచ్చి నా మీద ఏసినట్టు,” అంది సత్తెమ్మ అత్త.

ఆ పూట గోదాంలో నా పేరు మారుమోగిపోయింది. ‘ఆలు లేదు చూలు లేదు’ అనే సామెత ఉంది కదా. మాకు ఓడ లేదు, రేవు లేదు, రాయబారి మాత్రం నేను. చెప్పినవన్నీ సరిగ్గానే చెప్పానని గుర్తుపెట్టుకోండి. మనిషి మునిగేది రానిదాంట్లో కాదు, వచ్చీరానిదాంట్లో.

దస్తీలు నేయడం అయిపోతుండగా రాధికగారు ఫోన్ చేశారు.

“మాష్టారూ, సరుకు చాలా బాగుందండీ. ఇంకొక్కటే మిగిలింది. సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్. సరుకు ఎక్కడ పుట్టిందో గవర్నమెంటు స్టాంపుతో కాగితం. అది లేదనుకోండి, అక్కడ సుంకం పడిపోద్ది, వాళ్ళు సరుకు వద్దనేస్తారు. మీకు తెలుసు కదా?”

ఆ చివరి మూడు మాటలు అనకపోతే నేను అడిగి ఉండేవాణ్ణి. ‘మీకు తెలుసు కదా’ అని అడిగాక తెలియదనే మగవాణ్ణి మా జిల్లాలో నేనింతవరకు చూడలేదు.

“అది నాకు వదిలెయ్యండి మేడం,” అన్నాను.

ఫోన్ పెట్టేసి ఆలోచించాను. పుట్టుక. స్థలం. గవర్నమెంటు స్టాంపు. ఈ మూడూ కలిసేచోటు భూమ్మీద ఒక్కటే ఉంది: మీసేవ. అప్పటి గాలి కూడా అలాంటిది లెండి. ఎవరు లోకలు, ఎవరు నాన్ లోకలు అనేది తప్ప జనానికి వేరే ముచ్చట లేదు. హోటల్లో ఇడ్లీ పెట్టినా చట్నీ లోకలేనా అని అడిగే రోజులు. నన్ను నిద్రలో లేపి అడిగినా ఒరిజిన్ అంటే స్థానికత అనే చెబుదును.

మండలంలో మీసేవ నడిపే మల్లేశం ఒకప్పటి నా విద్యార్థి. కామర్సులో రెండుసార్లు తప్పి, నా పాఠం వదిలేశాక బాగుపడ్డాడు.

“ఎవరికి సార్ సర్టిఫికెట్టు?” అన్నాడు కీబోర్డు మీద వేళ్ళు పెట్టి.

“దస్తీకి.”

“పూర్తి పేరు చెప్పున్రి సార్.”

“పట్టు దస్తీ.”

వాడు టైపు కొట్టేశాడు. “పట్టు ఇంటిపేరా సార్? తండ్రి పేరు?”

“బట్టకు తండ్రేందిరా?”

“నాకేమెరుక సార్. గీ ఎర్ర చుక్కున్న డబ్బ నింపకపోతే కంప్యూటర్ ముంగటికి జరగది.”

నేను కాసేపు గడ్డం గోకి, “మగ్గం అని రాయి,” అన్నాను.

“మగ్గం తండ్రా, తల్లా సార్? నేసినోడు తండ్రైతడు, మగ్గం తల్లైతది గద?”

వెనక క్యూలో నిలబడ్డ ఒక ముసలాయన పింఛను కాగితం పట్టుకుని, “గర్భం మోసింది మగ్గమే గద నాయినా, తల్లి కిందనే రాయున్రి,” అని తీర్పు చెప్పాడు. సరే అనుకున్నాం. ఆధార్ నంబరు దగ్గర ఆగింది. దస్తీకి వేలిముద్ర ఉండదు. కంటిపాప అసలే ఉండదు.

మల్లేశం కుర్చీలో వెనక్కి వాలి, నాకంటే తెలివైనవాడి ముఖం పెట్టాడు. “సార్, బిడ్డకు సర్టిఫికెట్ తీస్తే తండ్రివి అడుగుతరు గద. బట్టకు గాదు, నేసినోళ్ళకు తియ్యాలె. ఆళ్ళు లోకలైతే ఆళ్ళు నేసింది లోకలే.”

ఎంత అందంగా ఉంది చూశారా ఆ తర్కం. మేలిమి బంగారంలా మెరిసింది. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్నవాడెవడో మీసేవ చూడలేదు. మా దగ్గర కత్తిపీటకు నివాస ధ్రువపత్రం ఉంటే తప్ప కందను కోయనివ్వరు.

మర్నాటి నుంచి సంఘంలో సగం మగ్గాలు ఆగిపోయాయి. నేతగాళ్ళందరూ ఫొటోలు దిగారు. మంగలికి ఆ వారం పండగ. నివాస ధ్రువపత్రంతో పాటు ఎక్కడ చదివారో బడి కాగితం కూడా జతపరిస్తే గట్టిగా ఉంటుందని నేనే సెలవిచ్చాను. ఇబ్బంది ఏమిటంటే మా పెద్ద నేతగాళ్ళలో చాలామంది బడి గేటు దాటింది ఓట్లప్పుడే. హెడ్మాస్టరు మొహమాటస్తుడు. ‘ఈయన ఈ పాఠశాలలో చదవలేదని ధ్రువీకరించడమైనది. ప్రవర్తన: బాగు’ అని రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. న్యాయమే, బడికి రానివాళ్ళ మీద బడికి ఫిర్యాదులేముంటాయి.

తర్వాత తహసీలు కచేరీ నుంచి గిర్దావర్‌గారు విచారణకు వచ్చారు. భూములు కొలిచే మనిషి దస్తీ విషయంలో రావడం ఆయనకే వింతగా ఉంది. అయినా చాయ్ తాగి శ్రీశైలం మగ్గం ముందు నిలబడ్డాడు.

“ఏడ చదివినవ్?”

“సోలాపూర్ల సార్. మూడు నుంచి పది దాక. మా నాయిన ఆడ మిల్లుల పనిచేసెటోడు.”

“అయితే నువ్వు నాన్ లోకల్.”

పోగు విసురుతున్న శ్రీశైలం చేతిలో నాడె ఆగింది. “నేను గీ ఇంట్లనే పుట్టిన సార్. గా మూలకు. మంత్రసాని బతికే ఉన్నది, పిలవాల్నా?”

“మంత్రసాని సంతకం చెల్లది. బడి సంతకం గావాలె.”

“మా తాత గీడ్నే, ఆళ్ళ తాత గీడ్నే.”

“ఆళ్ళు లోకలే. నీ సంగతే చెప్తున్న.”

వెళుతూ వెళుతూ వాడి దరఖాస్తు మీద ఎర్ర సిరాతో ‘నాన్ లోకల్’ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. మా అత్త ఆ గీతల వైపే చూస్తూ, “ఒక్క గీత సాలదా సారూ,” అని మాత్రం అంది.

ఇది చాలదన్నట్టు సరిగ్గా ఆ ఏడాది దసరాకే సర్కారు జిల్లాలను విడగొట్టింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు; పుట్టుకతో వచ్చిన జిల్లా ఒక జీవోతో పోతుంది. పండగకు ముందు అచ్చయిన పత్రాల్లో మా ఊరు నల్లగొండ జిల్లా. పండగ తర్వాత అచ్చయిన వాటిలో కొత్త జిల్లా. ఒకే గోదాంలో, ఒకే బీరువాలో, ఒకే రంగు దస్తీలు రెండు జిల్లాల్లో పుట్టి, ఒక్కటి మాత్రం సోలాపూర్‌లో చదువుకున్నట్టు తేలింది.

నేను ఏమాత్రం జంకలేదు. అన్నిటినీ కుట్టించాను. ఆ కట్ట పెళ్ళి బూందీ మూటంత అయింది. పైన నా చేతిరాతతో ‘సర్టిఫికెట్స్ ఆఫ్ ఒరిజిన్’ అని రాసి, కింద గీత గీసి, రాధికగారికి పంపాను. మామ ఆ మూటకు పసుపు బొట్టు పెట్టాడు.

మూడో రోజు ఫోన్.

“మాష్టారూ, ఈ పదో తరగతి మెమోలు ఎవరివండీ?”

“మా నేతన్నలవి మేడం.”

“మరి ఈయన బళ్ళో చదవలేదని, ప్రవర్తన బాగుందని రాశారేంటండీ? ఓడకి ఈయన ప్రవర్తనతో ఏం పని?”

“మంచిదే కదా మేడం, జతగా ఉంటుందని...”

“దస్తీలు సగం ఒక జిల్లావి, సగం ఇంకో జిల్లావి. ఒకదాని మీదేమో ఎర్ర ఇంకుతో నాన్ లోకల్ అని ఉంది. ఇది నేను ఓడరేవులో చూపిస్తే సరుకుతో పాటు నన్నూ ఆపేస్తారండీ.” ఒక్క నిమిషం ఊపిరి తీసుకున్నారామె. “మాష్టారూ, ఒరిజిన్ అంటే మనుషులది కాదండీ. గుడ్డ ఏ దేశంలో తయారైందో చెప్పే కాగితం. ఇచ్చే ఆఫీసు హైదరాబాదులో ఉంది. ఎల్లుండి సాయంత్రానికి అది నా చేతికి రాకపోతే ఓడ పోద్ది. ఆర్డరూ పోద్ది.”

ఈ వార్త మామకు ఎలా చెప్పాలో తెలియక, రెండు నిమిషాల మాటను అరగంట చుట్టు తిప్పి చెప్పాను. మామ సగం చెవితోనే మొత్తం విన్నాడు. లేచిపోయి మగ్గం దుమ్ము తుడవసాగాడు. అదే నాకు మంట. తిట్టే మామ అయితే తిట్టించుకుని ఇంటికి పోవచ్చు.

అత్త అంది: “ఇన్ని రోజులు మగ్గాలు ఇడిపిచ్చి కచేరి సుట్టు తిప్పినవ్ గదరా. ఆఖరికి మా పోరన్ని ఊరోడు గాదని రాపిచ్చినవ్.”

శ్రీశైలం లోపల్నుంచి బట్టల సంచి తెచ్చి గడప దగ్గర పెట్టాడు. “బావా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. నీ దగ్గర చదివిన పోరగాండ్లు ఎట్ల పాసైతున్నరే?”

వాళ్ళు నేను చెప్పింది పరీక్షలో రాయరు కాబట్టి పాసవుతున్నారు. కానీ ఆ సమయంలో ఆ నిజం పైకి అనబుద్ధి కాలేదు.

“రేపు నాతోని హైదరాబాద్ రా,” అన్నాను. “కాగితం వస్తె వాపస్ రా. రాకుంటె ఆడికెంచి ఆడికే నీ దుకాణంకు పో.”

సంచి భుజాన వేసుకునే బస్సెక్కాడు. దారి పొడుగునా ఆ సంచి మా ఇద్దరి నడుమ మూడో ప్రయాణికుడిలా కూర్చుంది.

దఫ్తరులో ఉన్న అధికారి పాలమూరు దిక్కు మనిషి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. దస్తీ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూసి, “మంచిగున్నది. దారం ఏడిది?” అన్నాడు.

ఇప్పుడు నా మెదడు ఎలా పనిచేసిందో మీరు గమనించాలి, ఎందుకంటే మళ్ళీ అది అంత వేగంగా ఎప్పుడూ పనిచేయలేదు. మా పట్టు దారం చైనాది. బెంగుళూరు సేటు దగ్గర కొంటాం. చైనా అన్నానంటే ఈయన చైనా స్టాంపు వేస్తాడు. ఆ దేశంవాళ్ళు వద్దంటారు. శ్రీశైలం మడతలు విప్పే కొలువుకు పోతాడు. కాబట్టి నేను నోరు తెరిచాను.

“మా ఊరిదే సార్. పట్టుపురుగులు మా పెరట్లనే పెంచుతం.”

శ్రీశైలం నా వైపు తిరిగాడు. మా పెరట్లో పెరిగేవి దోమలు.

“ఓహో. ఏం ఆకు ఏస్తరు?” అన్నాడు అధికారి.

మల్బరీ అన్న మాట పాఠంలో ఉంది, గైడులో ఉంది, నా చిన్నప్పటి సైన్సు పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. ఆ గడియకు నా నోట్లో మాత్రం లేదు. కిటికీలోంచి బయట ఒక చెట్టు కనబడింది.

“వేపాకు సార్. అందుకే దారానికి చెదలు పట్టది.”

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ముప్పై ఏండ్ల సర్వీసుల వేపాకు తినే పట్టుపురుగును నేను ఇనలే. సూడనీకి నేనే మీ పెరట్లకొస్త. తనిఖీ అయ్యేదాక ఈ కాగితం పక్కకు పెడుదాం.”

పక్కకు పెట్టడం అంటే అర్థమైంది కదా. పక్కకు పెట్టిన కాగితం మళ్ళీ ముందుకు రావాలంటే గ్రహాలు కదలాలి. ఓడ మర్నాడే.

శ్రీశైలం సంచి కింద పెట్టాడు. “సార్, మా బావ అబద్దం ఆడుతుండు. ఆయన లెక్చరర్, పట్టిచ్చుకోకున్రి. దారం చైనాది. రంగులు బొంబయివి. చిటికి కట్టింది మేము, అద్దింది మేము, నేసింది మేము. గింతే ఉన్నది. దీనికి మీరు ఏం రాస్తరో రాయున్రి. నేను దుకాణంకు పోవాలె, లేటైతాంది.”

అధికారి వాడి వైపు కాసేపు చూసి, నా వైపు ఇంకాసేపు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

“గిదే మొదలు చెప్తే ఎప్పుడో అయిపోతుండె గద లెక్చరర్ సాబ్. దారం ఏడిదైతేంది? దారం లెక్క వచ్చింది, గుడ్డ లెక్క పోతాంది. సుంకాల పుస్తకంల దారానికి ఒక నంబరుంటది, గుడ్డకు ఇంకో నంబరు. మీ చేతుల నంబరు మారింది. గీ ఒప్పందంల గీ సరుకుకు గది సాలు. ఏడ పుట్టిందని గాదు, ఏడ దాని రూపం మారిందని సూస్తం. మీ మగ్గం మీద మారింది. ఇంగ ఇది భారతదేశంది.”

కాగితాలు తిరగేసి, బిల్లులు చూసి, నా వేపాకు మాటను విననట్టు వదిలేసి, సాయంత్రం లోపల స్టాంపు దించాడు. అబ్బా, ఆ చప్పుడు. నేను బతుకులో విన్న సంగీతమంతా ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు.

శ్రీశైలం ఆ కాగితం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏ జిల్లా అని లేదేంది సార్?”

“సరుకుకు జిల్లా ఉండదు తమ్మీ. దేశమే.”

“లోకల్, నాన్ లోకల్?”

“సరుకుకు గవ్వేం ఉండయి.”

వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సార్, అట్లయితే జర నన్ను గూడ సరుకు కింద రాయున్రి. చైనా దారం మా మగ్గం మీదికి వచ్చి వారంల ఊరిదైపాయె. నేను మా ఊర్లనే పుట్టిన, సోలాపూర్ల చదువుకోని వచ్చి, పన్నెండేండ్ల సంది ఆడ్నే నేస్తున్న. నేను ఇంక ఊరోన్ని గాకపోతి. నా రూపం గూడ మారింది సార్, సూడున్రి, ఎంటికెలు తెల్లబడ్డయి. నా నంబరు మార్చున్రి.”

గదిలో ప్యూను నవ్వబోయి ఆగాడు. అధికారి స్టాంపు వైపు చూశాడు, వాడి వైపు చూశాడు, స్టాంపును డబ్బాలో పెట్టి మూత వేశాడు.

“సరుకువైతే రాద్దును తమ్మీ,” అన్నాడు. “ఏం జెయ్యాలె. మనిషివైపోతివి.”

బయటికి వచ్చాక శ్రీశైలం దుకాణం వైపు పోయే బస్సుకు చెయ్యెత్తలేదు. రాధికగారికి కాగితం ఇచ్చి, నల్లగొండ బస్సులో కిటికీ పక్కన సీటు పట్టుకుని, సంచి నా ఒళ్ళో పడేసి నిద్రపోయాడు. దస్తీలు ఓడెక్కాయి. వాడు మగ్గం దిగలేదు. ఆ తర్వాత ఏడాది ఇంకో ఆర్డరు వచ్చింది. ‘ఈసారి మాష్టారుగారిని శ్రమ పెట్టకండి ప్లీజ్’ అని రాధికగారు మామకు ప్రత్యేకంగా ఫోన్ చేసి మరీ చెప్పారు. సగం చెవుల మామ ఆ ఒక్క మాట మాత్రం పూర్తిగా విన్నాడు. శ్రీశైలం స్థానికత సంగతి అంటారా, దరఖాస్తు మీద ఎర్ర గీతలు రెండూ అలాగే ఉన్నాయి. వాడు నేసిన గుడ్డను మాత్రం ఎక్కడికి పోయినా ఎవరూ నువ్వు లోకలా, నాన్ లోకలా అని అడగడం లేదు.

ఇంత జరిగాక మనిషన్నవాడు మారాలి. ఒక సోమవారం పానగల్ గుడికి పోయి, సోమేశ్వరుని ముందు చేతులు జోడించి, ఒప్పందాల భాషలోనే ప్రమాణం చేశాను: తెలియని మాట వినబడితే తెలియదని ఒప్పుకుంటాను, ‘నాకు వదిలెయ్యండి’ అనే వాక్యాన్ని శాశ్వతంగా నిషేధిస్తున్నాను, ఈ నిషేధంలో ఏ దేశానికీ, ఏ చుట్టానికీ, మా ప్రిన్సిపాలుకూ సడలింపు లేదు, వేపచెట్టు కనబడితే తల తిప్పుకుంటాను. మనసు తేలికపడి బయటికి వచ్చి చూద్దును కదా, మెట్ల దగ్గర వదిలిన నా కొత్త చెప్పులు లేవు. అవి ఎక్కడ పుట్టాయో నాకు తెలియదు, ఎవరి కాళ్ళకు లోకలయ్యాయో అంతకన్నా తెలియదు. చెప్పులేవని పూజారి అడిగితే, ప్రమాణం చేసి నిమిషం కూడా కాలేదు కాబట్టి, ‘నాకు తెలియదు’ అన్న రెండు ముక్కలే చెప్పి ఉత్తకాళ్ళతో ఇంటికి నడిచాను.